వేప్ తాగే మగవాడి వీర్యం గురించి మనకు తెలిసినదెంత

పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లలు కలగలేదని దంపతులు వస్తే, మగవాడిని డాక్టరు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే. సిగరెట్ అలవాటుందా, గుట్కా ఉందా, మందు ఉందా? చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయా? కొలిమి దగ్గరో బాయిలర్ దగ్గరో పనిచేస్తారా? వేప్ తాగుతారా అని అడిగేవాళ్ళు తక్కువ. అడక్కుండా చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. సిగరెట్ మానేసి వేప్‌కు మారినవాడు తన మనసులో ఆ అలవాటును ఎప్పుడో వదిలేశాడు. పైగా అది చట్టం నిషేధించిన వస్తువు. పక్కన భార్య కూర్చుని ఉండగా ఆ ముచ్చట ఎత్తాలని ఎవరికుంటుంది?

ఈ మౌనాన్ని చూడటానికి పుదుచ్చేరి చాలు. అక్కడ అన్నా సాలై దాటి పడమటికి వస్తే ఒర్లియంపేట. కొత్త బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు, టీకొట్లు, బడ్డీకొట్లు. యానాం నుంచో నెల్లూరు వైపు నుంచో చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగు కుర్రాళ్ళకు ఇలాంటి పేటల్లోనే గదులు దొరుకుతాయి. చట్టం మాటకొస్తే ఈ ఊరు అందరికన్నా ముందే మేల్కొంది. దేశమంతటికీ నిషేధం రాకముందే వేప్‌లను, అంటే ఈ-సిగరెట్లను, ఆపిన ప్రాంతాల జాబితాలో పుదుచ్చేరి ఉంది. 2019 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి శ్వేతపత్రం వెలువరించి పూర్తి నిషేధం కోరింది. సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరుకల్లా అది చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన నేరాలు. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళు, ఐదు లక్షలు. సరుకు నిల్వ చేసినా శిక్షే. తాగడాన్ని మాత్రం ఆ చట్టం నేరమనలేదు. రోగి డాక్టరుకు నిజం చెప్పినంత మాత్రాన ఏ సెక్షనూ వచ్చి మీద పడదు. ఈ సంగతి తెలిసిన రోగులు ఎందరో నాకు అనుమానమే, డాక్టర్లలోనూ.

నిషేధం తప్పని నేననను. బడి పిల్లల చేతికి మామిడి రుచి నికోటిన్ అందకుండా చూడటం ప్రభుత్వం చేయాల్సిన పనే. కానీ దుకాణం తలుపుతో పాటు తాగేవాళ్ళ నోళ్ళు కూడా మూతపడ్డాయి. 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ పేరు విన్నవాళ్ళు 3 శాతం, వాడుతున్నవాళ్ళు 0.02 శాతం. అదే సర్వేలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవాళ్ళు దేశంలో 28.6 శాతం, పుదుచ్చేరిలో 11.2 శాతం. ఆ 0.02ను పట్టుకుని ఇప్పటి పరిస్థితిని ఊహించడం కుదరదు. మధ్యలో డిస్పోజబుల్ వేప్‌లు వచ్చాయి, ఫోన్‌లో ఆర్డరు పెడితే ఇంటికి చేరే చాటు వ్యాపారం వచ్చింది. నిషేధం సరిగా అమలు కావడం లేదని కేంద్ర ఆరోగ్య శాఖే 2023లో ప్రకటన ఇచ్చి, ఉల్లంఘనల మీద ఫిర్యాదుకు ఒక పోర్టల్ తెరవాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. వేప్‌లోంచి వచ్చేది నీటి ఆవిరి అని తాగేవాళ్ళలో చాలామంది నమ్ముతారు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిసిన చిక్కటి ద్రవంలో నికోటిన్, రుచినిచ్చే రసాయనాలు కరిగి ఉంటాయి. బ్యాటరీతో కాయిల్ వేడెక్కగానే ఆ ద్రవం సన్నటి తుంపరగా మారి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. గ్లైకాల్, గ్లిజరిన్ మందుల్లో, తినుబండారాల్లో వాడేవే. కడుపులోకి పోతే పెద్ద హాని చేయని పదార్థం వేడెక్కి ఊపిరితిత్తుల్లోకి పోతే కూడా అలాగే ఉంటుందనే హామీ లేదు. వేడికి ఆ రెండూ విరిగి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, అక్రోలిన్ పుడతాయి. ఎంత పుడతాయన్నది వోల్టేజీని బట్టి ఉంటుంది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక లేఖ 5 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు బాగా కనిపించాయని, 3.3 వోల్టుల దగ్గర కనిపించలేదని చెప్పింది. అంత మాడు వాసనతో మనిషి తాగలేడని విమర్శకులు కొట్టిపారేశారు. ఈ వాదన గుర్తుంచుకోవాలి, ఎలుకల దగ్గరకు వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

లోహాల సంగతి మరొకటి. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 56 మంది రోజువారీ వాడకందారుల సొంత పరికరాలే తీసుకుని పరీక్షించారు. సీసాలో ఉన్న ద్రవంలో లోహాలు తక్కువే. కాయిల్ తగిలాక వచ్చిన తుంపరలో సీసం, నికెల్, క్రోమియం, మాంగనీసు పెరిగాయి. సీసం మగవారి వీర్యాన్ని దెబ్బతీస్తుందన్నది బ్యాటరీ కర్మాగారాల కార్మికుల దగ్గరే వైద్యం నేర్చుకున్న పాత పాఠం.

నికోటిన్ మోతాదులోనూ పాత లెక్కలు చెల్లవు. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే వేప్ నికోటిన్‌ను బెంజోయిక్ ఆమ్లంతో లవణంగా మార్చి వాడింది. దాంతో గొంతు మంట తగ్గింది, ఎక్కువ నికోటిన్ హాయిగా లోపలికి పోయింది. అందులో మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాములు. యూరప్ చట్టం ఒప్పుకునేది 20. మన దగ్గర చాటుగా అమ్ముడయ్యే డిస్పోజబుల్ మీద 5 శాతం అని ఉంటే మిల్లీలీటరుకు 50 అన్నమాట, యూరప్ హద్దుకు రెండున్నర రెట్లు. అసలు ఆ అంకెనైనా నమ్మాలా? దొంగసరుకుకు నాణ్యత పరీక్ష చేసేదెవరు?

ఈ పదార్థాలన్నీ రక్తంలో కలిశాక వృషణాల్లో ఏం చేయగలవు? వృషణంలో మూలకణం వీర్యకణంగా మారడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ పైన ఎపిడిడిమిస్ అనే మెలికల గొట్టంలో ఈదే శక్తి తెచ్చుకుంటూ ఇంకో పది పదిహేను రోజులు. అంటే ఈరోజు పరీక్షకిచ్చిన వీర్యం దాదాపు మూడు నెలల కిందట మొదలైన పని. ఆ దారిలో వీర్యకణం తన ఒంట్లోని జీవద్రవ్యాన్ని దాదాపు అంతా వదిలేసుకుంటుంది. తేలిగ్గా ఈదాలి కదా. దాంతో పాటే ఆక్సీకరణను అడ్డుకునే ఎంజైములూ పోతాయి. పైపొరలో మాత్రం సులువుగా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు నిండుగా ఉంటాయి. తన డీఎన్ఏ తెగితే తానే అతికించుకునే శక్తీ పక్వమైన వీర్యకణానికి ఉండదు. మరమ్మతు ఏదైనా ఉంటే అండంలో చేరాకే. శరీరంలో ఇంత నిరాయుధమైన కణం మరొకటి నాకు తోచదు.

రక్తంలోని చెడు అంతా వృషణంలోకి దూరకుండా సెర్టోలీ కణాలు ఒక అడ్డుగోడ కడతాయి. ఆ గోడను నమ్ముకుని ధైర్యంగా ఉండటానికి లేదు. పొగతాగేవారి వీర్యద్రవంలో నికోటిన్, అది విరిగితే వచ్చే కోటినిన్ రెండూ దొరుకుతాయి. గోడకు బయటే ఉండే లేడిగ్ కణాలకైతే ఆ రక్షణ కూడా లేదు. టెస్టోస్టెరాన్ తయారయ్యేది వాటిలోనే.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం. వీర్యకణం తోక నిర్మాణం, మన శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు నిర్మాణం ఒకటే. మధ్యలో రెండు, చుట్టూ తొమ్మిది జతల సూక్ష్మనాళికలు. రెండూ కదలడానికి మైటోకాండ్రియా ఇచ్చే శక్తి కావాలి. దాల్చినచెక్క రుచినిచ్చే సిన్నమాల్డిహైడ్ మైటోకాండ్రియాను దెబ్బతీసి శ్వాసనాళపు నూగు కదలికను కొంతసేపు ఆపుతుందని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో చూపించారు. 2017లో బ్రిటన్‌లో జరిగిన సంతాన వైద్యుల సదస్సులో లండన్ యూనివర్సిటీ కాలేజీ బృందం దాల్చినచెక్క రుచి వీర్యకణాల చురుకును తగ్గించిందని చెప్పింది. అది సదస్సులో వినిపించిన ఫలితం. దాని మీద మేడ కట్టకూడదు. అయినా రెండు వేర్వేరు అవయవాల కబురు ఒకే వైపు చూపిస్తున్నప్పుడు వినకుండా పోలేం.

ఎలుకల మీద జరిగిన పని ఎక్కువే. 2016లో ట్యునీషియా బృందం ఈ-సిగరెట్ ద్రవాన్ని నికోటిన్‌తో కొన్ని ఎలుకలకు, నికోటిన్ లేకుండా కొన్నిటికి ఇచ్చింది. రెండు గుంపుల్లోనూ వీర్యకణాల సాంద్రత, బతికి ఉన్న కణాల పాళ్ళు పడిపోయాయి. పత్రికలకు మంచి శీర్షిక. కానీ ఆ ద్రవాన్ని ఎలుకలు పీల్చలేదు, పొట్టలోకి ఇంజెక్షన్ చేశారు. కాయిల్ వేడికి పుట్టే రసాయనాలు అందులో లేవు, ఊపిరితిత్తుల దారీ లేదు. ప్రయోగం నాలుగు వారాలు. ఎలుకలో వీర్యకణం తయారీకి యాభై రోజుల పైనే పడుతుంది. పూర్తి చక్రం ఒక్కటి కూడా చూడకుండానే ఆపేశారన్నమాట.

ఇటలీలో బొలోన్యా వాళ్ళు 2019లో ఆ లోపాన్ని కొంత సరిచేశారు. ఎలుకలు తుంపరను పీల్చాయి. వోల్టేజీ తక్కువే, కాబట్టి మాడు వాసన వాదన అక్కడ చెల్లదు. నికోటిన్ అసలు లేదు. అయినా వృషణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగింది, డీఎన్ఏ ముక్కలైంది, టెస్టోస్టెరాన్ తయారీలో పాలుపంచుకునే రెండు ఎంజైముల పని మందగించింది. నేను చదివిన జంతు ప్రయోగాల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. నికోటిన్ లేని జ్యూసే తాగుతున్నా కదా అనేవాడికి ఇది నేరుగా తగిలే జవాబు. తర్వాత టర్కీలో 24 ఎలుకలతో చేసిన ప్రయోగంలో మిల్లీలీటరుకు వీర్యకణాలు మామూలు ఎలుకల్లో 98.5 మిలియన్లు, వేప్ పీల్చినవాటిలో 95.1, సిగరెట్ పొగ పీల్చినవాటిలో 89. తేడా ఉంది, చిన్నదే. సిగరెట్టే ఎక్కువ చెడ్డది. ఒక్కో గుంపులో ఎనిమిది ఎలుకలతో ఇంతకన్నా చెప్పించడం అన్యాయం.

మనుషుల దగ్గరకొస్తే పేర్చడానికి పెద్ద గుట్టలేం లేవు. అన్నిటికన్నా బరువైనది 2020లో హ్యూమన్ రిప్రొడక్షన్ పత్రికలో వచ్చిన డెన్మార్క్ అధ్యయనం. అక్కడ కుర్రాళ్ళంతా సైనిక సేవకు తప్పనిసరి వైద్యపరీక్షకు వస్తారు. 2012 నుంచి 2018 దాకా అలా వచ్చినవాళ్ళలో 2,008 మంది వీర్యం, రక్తం ఇచ్చారు. సగటు వయసు 19. ఈ-సిగరెట్ వాడేవాళ్ళు 13 శాతం. రోజూ వాడేవాళ్ళలో మొత్తం వీర్యకణాలు 91 మిలియన్లు, అసలు వాడనివాళ్ళలో 147 మిలియన్లు. రోజూ సిగరెట్ తాగేవాళ్ళలో 103, తాగనివాళ్ళలో 139.

ఈ అంకెలు బయటికి రాగానే వేప్ సిగరెట్‌కన్నా చెడ్డదని రాసినవాళ్ళున్నారు. 103 కన్నా 91 తక్కువే, కానీ ఆ రెండు గుంపులనూ ఎదురెదురుగా నిలబెట్టి తేల్చడానికి ఆ అధ్యయనం సరిపోదు. రోజూ వేప్ తాగేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో చాలామంది సిగరెట్టూ, గంజాయీ కూడా తాగేవాళ్ళు. లెక్కల్లో వాటిని విడదీయడానికి ప్రయత్నించారు గానీ అలవాట్లు మనిషిలో అంత శుభ్రంగా విడిపోవు. అన్నీ ఒకే రోజు అడిగి కొలిచిన వివరాలు కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని కూడా చెప్పలేం. ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 చేతిపుస్తకం ప్రకారం మొత్తం వీర్యకణాలకు కింది హద్దు 39 మిలియన్లు. 91 దానికి చాలా పైన ఉంది. పిల్లలు పుట్టరన్న మాట కాదది. అయితే ఇప్పటికే 45 దగ్గర తచ్చాడుతున్నవాడికి అంతే నిష్పత్తిలో తగ్గితే లెక్క మారిపోతుంది. సంతానం కోసం ఆస్పత్రి మెట్లెక్కేది అలాంటి అంచుమీదివాళ్ళే.

వేప్ తాగితే మగతనం హార్మోను పడిపోతుందని యూట్యూబ్‌లో ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు ఈ డెన్మార్క్ పరిశోధనలోని మరో ఫలితాన్ని దాటవేస్తారు. సిగరెట్ తాగేవాళ్ళలో టెస్టోస్టెరాన్ తగ్గలేదు సరికదా, కాస్త ఎక్కువే ఉంది. ఈ-సిగరెట్ వాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఎలుకల ఎంజైముల కథ మనిషి రక్తంలో అలాగే తిరగలేదు. భయపెట్టడానికి సగం ఫలితాలు చాలు, సమీక్షకు చాలవు.

అంగస్తంభన సమస్య మీద, పొగాకు వాడకాన్ని గమనించే అమెరికా పాత్ (PATH) సర్వే ఉంది. 20 ఏళ్ళు దాటిన 13,711 మంది మగవాళ్ళ జవాబులను న్యూయార్క్ పరిశోధకులు విశ్లేషించి 2022లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో అచ్చేశారు. ఎన్నడూ వాడనివాళ్ళతో పోలిస్తే రోజూ వేప్ తాగేవాళ్ళలో ఈ సమస్య ఉండే అవకాశం 2.24 రెట్లు. గుండెజబ్బు ఉన్నవాళ్ళను, 65 దాటినవాళ్ళను తీసేసి మిగిలిన 11,207 మందిలో చూస్తే 2.41 రెట్లు. ఇదీ జనం స్వయంగా చెప్పుకున్న జవాబుల మీద ఆధారపడినదే. వీర్యకణాల సంఖ్యకన్నా ఈ ఫలితాన్ని నేను తేలిగ్గా నమ్ముతాను. కారణం, దాని వెనక ఉన్న శరీరధర్మం మనకు ఎప్పటినుంచో తెలుసు. స్తంభన అంటే రక్తనాళాలు వదులై నిండటం, దానికి నైట్రిక్ ఆక్సైడ్ కావాలి. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. సన్నటి నాళాల్లో ఆ బిగువు ముందుగా తెలుస్తుంది. పాతికేళ్ళవాడికి ఈ ఇబ్బంది మొదలైతే ఒర్లియంపేటలోనైనా రాజమండ్రిలోనైనా ముందు వెళ్ళేది గోడమీద పోస్టరు అంటించిన వైద్యుడి దగ్గరికి. లేహ్యం చేతిలో పెడతారు. జేబులోని డిస్పోజబుల్ జేబులోనే ఉంటుంది.

సిగరెట్‌తో పోలిస్తే వేప్ 95 శాతం తక్కువ హాని అన్న మాట ప్రతి వేప్ ప్రియుడి నోటా వినిపిస్తుంది. 2015లో బ్రిటన్ ప్రజారోగ్య సంస్థ నివేదికతో ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. దాని మూలం కొలత కాదు, కొందరు నిపుణులు కూర్చుని వేసిన అంచనా. దాన్ని లాన్సెట్ పత్రిక అప్పుడే తప్పుపట్టింది. సిగరెట్ పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్, కాడ్మియం ఉన్నంతగా వేప్‌లో ఉండవన్నది నిజం. క్యాన్సర్ పరంగా ఆ తేడాకు విలువ ఉంది. రోజుకు పెట్టె సిగరెట్లు తగలేసేవాడు పూర్తిగా వేప్‌కు మారితే అతని ఊపిరితిత్తులకు మేలు జరగవచ్చు కూడా. కానీ ఆ 95లో వీర్యకణాల లెక్క లేదు. సిగరెట్ వీర్యానికి చేసే చెడు మాత్రం బాగానే తేలింది. 2016లో యూరోపియన్ యూరాలజీలో 20 అధ్యయనాలు, 5,865 మందిని కలిపి చూసిన విశ్లేషణలో సంఖ్య, చురుకు రెండూ తగ్గాయి. దానికన్నా తక్కువ చెడు అంటే చెడు లేదని కాదు.

మన వైపు లెక్కలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ నికోటిన్ నోటిలో నమలడం ద్వారానూ వస్తుంది. మన దేశంలో సంతాన పరీక్షలకు వచ్చిన 638 మంది మీద 2005లో వచ్చిన పరిశోధన ఖైనీ, గుట్కా ఎంత ఎక్కువైతే వీర్యం అంత దిగజారిందని చూపింది. పొగ లేదు, కాయిల్ లేదు, అయినా ఫలితం అదే దారి. పుదుచ్చేరిలో మద్యం చవక అన్న సంగతి చుట్టుపక్కల జిల్లాలకంతా తెలుసు. వారాంతంలో బీరు, మధ్యలో వేప్, రాత్రి డ్యూటీలో ఖైనీ ఉన్న మనిషి వీర్యంలో దేని వాటా ఎంతో డెన్మార్క్ లెక్కలు తేల్చలేవు. ఇక్కడే తేలాలి.

అలాంటి పని మొదలుపెట్టడానికి కోట్లు అక్కర్లేదు. గోరిమేడులోని జిప్మర్ ఆస్పత్రికి పుదుచ్చేరి నుంచే కాదు, కడలూరు, విళుప్పురం నుంచీ, యానాం నుంచీ రోగులు వస్తారు. వీర్య పరీక్షకు వచ్చిన ప్రతివాడి మూత్రంలో కోటినిన్ చూడవచ్చు, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలవవచ్చు. ఆ రెండోదానికి వాడే పరికరం అరచేతిలో పట్టేంత. సిగరెట్ తాగేవాడికి రెండూ ఎక్కువ వస్తాయి. కోటినిన్ ఎక్కువగా ఉండి కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా ఉంటే ఆ మనిషి వేప్ అయినా తాగుతున్నాడు, పొగాకు అయినా నములుతున్నాడు, నికోటిన్ గమ్ అయినా వాడుతున్నాడు. ఆ మూడింటినీ విడదీయాలంటే మాత్రం యంత్రం చాలదు. తలుపు దగ్గరగా వేసి, భార్యను కాసేపు బయట కూర్చోమని, తీర్పు చెప్పే గొంతు లేకుండా అడిగే మనిషి కావాలి.

ఈలోగా పిల్లల కోసం చూస్తున్నవాడు ఏం చేయాలి? నా మటుకు సమాధానం కష్టమేం కాదు. వేప్ వల్ల ఇతనికి ఇంత నష్టం జరిగిందని ఎవరూ రాసివ్వలేరు. కానీ దాన్ని వదిలేస్తే పోయేదేమీ లేదు, వదలకపోతే పోయేది ఉండవచ్చు. సిగరెట్ మానిన సంతానలేమి మగవాళ్ళలో మూడు నెలలకే సంఖ్య పెరిగిందని టర్కీ నుంచి వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. వేప్ మానడం సిగరెట్ మానడం కన్నా సులువని అనుకోకూడదు. నికోటిన్ లవణం పట్టు గట్టిది, అగ్గిపుల్ల అక్కర్లేని వస్తువు కాబట్టి రోజులో ఎన్నిసార్లు నోట్లో పెట్టామో గుర్తుండదు. పొగాకు పెట్టెల మీద అచ్చయ్యే 1800-11-2356 నంబరు వేప్ తాగేవాళ్ళకూ పనికొస్తుంది. దక్షిణాది భాషల పిలుపులు బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రం చూస్తుంది. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. అందులోనూ ఉన్నది నికోటినే కనుక పిల్లల కోసం ప్రయత్నించే రోజుల్లో ఎన్నాళ్ళు వాడాలో డాక్టరును అడగాలి. వేడి తుంపర, కాయిల్ లోహాలు, రుచి రసాయనాలు అందులో ఉండవన్నది దాని సుగుణం.

వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు సంయమం పాటించాలి. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదు, అదే మనిషిలో వారం వారానికీ అంకెలు బాగా మారతాయి. మానేసిన నెల రోజులకే ల్యాబుకు వెళ్ళి, ఏమీ మారలేదని చూసి మళ్ళీ వేప్ అందుకునేవాళ్ళుంటారు. వాళ్ళ చేతిలోని రిపోర్టులో లెక్కపెట్టినవి ఇంకా వేప్ తాగుతున్న రోజుల్లో తయారీ మొదలైన కణాలే.